ముసలి కుక్క దగ్గుకు ఇన్‌హేలర్ స్టెరాయిడ్: మాత్ర నుంచి మాస్కుకు మారేటప్పుడు

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరుండేది బెంగళూరులో, మారతహళ్లి దగ్గర. మీ స్పిట్జ్ చింటూకు పదేళ్లు. ఏడాదికి పైగా పొడి దగ్గు. తెల్లవారుజామున ఎక్కువగా వస్తుంది, ఓకరింతతో, కొంచెం తెల్లని నురుగుతో ముగుస్తుంది. ఎక్స్‌రే చూసి డాక్టరు దీర్ఘకాలిక బ్రాంకైటిస్, అంటే ఎంతకీ తగ్గని శ్వాసనాళాల వాపు, అన్నారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు వేస్తే దగ్గు దాదాపు పోయింది, తగ్గించిన ప్రతిసారీ మళ్లీ వచ్చింది. ఈలోగా 9 కిలోల కుక్క పదకొండున్నర కిలోలైంది. గిన్నెల కొద్దీ నీళ్లు తాగుతోంది, రాత్రిళ్లు హాల్లో మూత్రం పోస్తోంది, పొట్ట వేలాడుతోంది. ఇప్పుడు డాక్టరు ఫ్లూటికాసోన్ అనే మరో స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌కు మారుద్దామంటున్నారు. ఒకసారి మొదలుపెడితే ఇన్‌హేలర్ అలవాటైపోతుందని మీ అత్తగారి భయం. మనుషుల మందు, అదీ పెద్దవాళ్ల డోసు, ఇంత చిన్న కుక్కకు ఏళ్ల తరబడి ఇవ్వవచ్చా అని మీ భయం. ఇక చింటూ అయితే ఇన్‌హేలర్ మందు పట్టించే మాస్కు కనబడగానే సోఫా కింద దూరుతున్నాడు.

నేను ఈ ఊళ్లోనే పెంపుడు జంతువుల వైద్యం చేస్తున్నాను. ముసలి కుక్కల దగ్గు నా రోజువారీ పనిలో పెద్ద భాగం. మీ డాక్టరు ఇచ్చిన సలహా మంచిదే, మారండి. కాని తొందరపడకండి. ఇన్‌హేలర్ పనిచేయలేదంటూ నా దగ్గరికి తీసుకొచ్చే కుక్కల్లో చాలావాటికి మందు అసలు ఊపిరితిత్తుల దాకా వెళ్లి ఉండదు. లేదంటే ఇన్‌హేలర్ పనిచేయడం మొదలవకముందే మాత్ర ఆపేసి ఉంటారు. మందు మీద నెపం వేసే ముందు ఈ రెండూ సరిచూడాలి.

అత్తగారి మాట ముందు తీసుకుంటాను, ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్లకు నమ్మకం కుదరకపోతే ఏ వైద్యమూ నెల దాటదు. ఇన్‌హేలర్‌కు కుక్క బానిస కాదు. దీర్ఘకాలిక బ్రాంకైటిస్ పూర్తిగా నయమయ్యే జబ్బు కాదు కాబట్టి మందు ఎక్కువ కాలం వాడవలసి వస్తుంది. మాత్రలైనా అంతే కదా, తగ్గించిన ప్రతిసారీ దగ్గు తిరిగి రావడం మీరే చూశారు. శ్వాసనాళాల లోపలి పొర ఏళ్ల తరబడి వాచి, మందమై, కఫం ఊరే గ్రంథులు పెరిగిపోతాయి. కఫాన్ని పైకి నెట్టే సూక్ష్మమైన కేశాలు దెబ్బతింటాయి. జరిగిన ఆ నష్టాన్ని ఏ మందూ వెనక్కి తీసుకురాలేదు. వాపును అదుపులో ఉంచి ఇంకా పాడవకుండా ఆపడమే మనం చేయగలిగింది, అందుకు స్టెరాయిడ్‌ను మించిన మందు ఇప్పటికి లేదు. దగ్గు పూర్తిగా మాయం కావాలని కూడా ఆశించవద్దు. రోజుకు ఒకటి రెండుసార్లు దగ్గి, మళ్లీ వెళ్లి హాయిగా పడుకునే కుక్క బాగున్నట్టే.

ఏళ్ల తరబడి సాగే వైద్యం మొదలుపెట్టే ముందు రోగ నిర్ధారణను మరోసారి గట్టిగా సరిచూడమని మాత్రం అడుగుతాను. ఏడాదిలో కనీసం 2 నెలలు వరుసగా దాదాపు రోజూ దగ్గు ఉండి, దానికి వేరే కారణం దొరకనప్పుడే దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అంటారు. ఇందులో ముఖ్యమైనది ‘వేరే కారణం దొరకనప్పుడు’ అన్న మాట. మందమైన శ్వాసనాళాలు ఎక్స్‌రేలో అడ్డంగా కోసినట్టు కనిపించినచోట గారెల్లా, మధ్యలో చిల్లు ఉన్న గుండ్రటి వలయాలుగా కనిపిస్తాయి. కాని ఎక్స్‌రే మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు, వలయాలు కనిపించినంత మాత్రాన దగ్గంతా వాటివల్లేనని కూడా కాదు. పదేళ్ల చిన్న జాతి కుక్కలో రెండు సంగతులు తప్పక చూడాలి. మొదటిది గుండె. ఈ కుక్కల్లో మైట్రల్ కవాటం అరిగి కారడం చాలా మామూలు. గుండె ఎడమ పై గది (ఎడమ కర్ణిక) పెద్దదైతే పైనున్న శ్వాసనాళాన్ని నొక్కి దగ్గు తెప్పిస్తుంది. స్టెతస్కోపులో మర్మర్ (కవాటం కారే చప్పుడు) వినిపించిందా అని మీ డాక్టరును అడగండి. వినిపించి ఉంటే ఎకో (గుండె స్కాన్) చేయించండి. రెండోది శ్వాసనాళం కూలిపోవడం. స్పిట్జ్, పమేరియన్ లాంటి కుక్కల్లో గొంతు గొట్టం మెత్తబడి, ఊపిరి తీసినప్పుడల్లా చదునవుతుంది. ఉత్సాహం వచ్చినా, మెడపట్టీ లాగినా బాతు అరిచినట్టు దగ్గుతాయి. ఇది బ్రాంకైటిస్‌తో కలిసే ఉండవచ్చు, చాలా కుక్కల్లో ఉంటుంది కూడా. అప్పుడు ఇన్‌హేలర్ వాపును తగ్గిస్తుంది కాని, మెత్తబడిన గొట్టాన్ని గట్టిపరచలేదు. ఈ సంగతి మీకు ముందే తెలిసి ఉంటే నెల తర్వాత నిరాశపడరు.

అన్నిటికంటే స్పష్టమైన సమాచారం బ్రాంకోస్కోపీలో దొరుకుతుంది. మత్తు ఇచ్చి, సన్నని గొట్టం లోపలికి పంపి, కొంచెం సెలైన్ పోసి వెనక్కి తీసి, అందులో ఏ కణాలున్నాయో, సూక్ష్మజీవులు పెరుగుతున్నాయో చూస్తారు. తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం ఎక్కువుంటే మామూలు బ్రాంకైటిస్ వైపు మొగ్గుతాం. ఇయోసినోఫిల్స్ అనే రకం ఎక్కువుంటే అలర్జీ తరహా జబ్బో, ఊపిరితిత్తుల్లో పురుగులో అని ఆలోచిస్తాం. పదేళ్ల కుక్కకు మత్తు ఇవ్వడం గురించి మీరు వెనకాడితే నేను తప్పుపట్టను, చాలా కుటుంబాలు ఎక్స్‌రే, ఎకో, రక్తపరీక్ష, మలపరీక్షలతోనే ముందుకు వెళతాయి. బ్రాంకోస్కోపీ చేయించాలనే అనుకుంటే ప్రస్తుతం నడుస్తున్న ప్రెడ్నిసొలోన్ ఫలితాన్ని మసకబారుస్తుందని గుర్తుంచుకోండి, ఏం చేయాలో డాక్టరు నిర్ణయిస్తారు. మీ దగ్గరి క్లినిక్‌లో సౌకర్యాలు లేకపోతే హెబ్బాళలోని వెటర్నరీ కళాశాల ఆసుపత్రి ఉంది. 1958 నుంచి నడుస్తున్న కళాశాల అది. ఉదయం తొందరగా వెళ్లండి.

ఇక మాత్రకూ ఇన్‌హేలర్‌కూ తేడా. ప్రెడ్నిసొలోన్ మాత్ర మింగగానే రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. శ్వాసనాళాలకు చేరేది అందులో కొద్ది భాగమే. మిగిలినదంతా కాలేయం మీద, కండరాల మీద, చర్మం మీద పనిచేస్తుంది. దాహం, మూత్రం, ఆకలి, వగర్పు, వేలాడే పొట్ట, కరిగిపోయే తొడ కండలు అన్నీ అందువల్లే. ఎక్కువ కాలం సాగితే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు, మధుమేహం, మందువల్ల వచ్చే కుషింగ్స్ (ఒంట్లో స్టెరాయిడ్ మితిమీరడం వల్ల వచ్చే జబ్బు) దాకా వెళ్లవచ్చు. మీరు చెప్పిన లక్షణాలు చింటూలో అది మొదలైన సూచనలే. కాబట్టి మారాలా వద్దా అని ఊగిసలాడే సమయం దాటిపోయింది.

ఫ్లూటికాసోన్ ఇన్‌హేలర్‌లో మందు నేరుగా శ్వాసనాళాల గోడ మీద పడుతుంది. కుక్కలకు మామూలుగా ఇచ్చేది 125 నుంచి 250 మైక్రోగ్రాములు, రోజుకు రెండుసార్లు. పెద్దవాళ్ల డోసు చిన్న కుక్కకా అన్న మీ సందేహం సరైనదే. జవాబు ఇది: డబ్బా మీద రాసి ఉన్నదంతా కుక్క ఊపిరితిత్తుల్లోకి వెళ్లదు. డబ్బాకూ మాస్కుకూ మధ్య తగిలించే గొట్టం (స్పేసర్) గోడలకు కొంత అంటుకుంటుంది, ముక్కులో, నోట్లో కొంత ఆగిపోతుంది, కొంత మింగేస్తుంది. చెప్పగానే లోతుగా ఊపిరి తీసి బిగబట్టే పని కుక్క చేయలేదు కాబట్టి లోపలికి వెళ్లేది చిన్న వంతే. మింగిన భాగం విషయానికొస్తే, మనుషుల్లో మింగిన ఫ్లూటికాసోన్‌లో 1 శాతం కూడా రక్తానికి చేరదు, కాలేయం మొదటి దశలోనే దాన్ని నిర్వీర్యం చేస్తుంది. అందుకే కిలోల లెక్కన డోసు కట్టే మాత్రల పద్ధతి ఇక్కడ వర్తించదు. ప్రెడ్నిసొలోన్ మిల్లీగ్రాములను ఫ్లూటికాసోన్ మైక్రోగ్రాములతో నేరుగా పోల్చి చూడవద్దు కూడా. ఫ్లూటికాసోన్ చాలా శక్తిమంతమైన స్టెరాయిడ్.

అలాగని దుష్ప్రభావాలు అసలే ఉండవని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి కొంత మందు వెళుతుంది. ఆరోగ్యమైన కుక్కలకు ఫ్లూటికాసోన్ పీల్పించి చూసిన అధ్యయనాల్లో ఒంటికి సొంత స్టెరాయిడ్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథుల పని మందగించినట్టు కనిపించింది. బయటికి ఏ లక్షణమూ లేకుండానే ఇలా జరగవచ్చు. ఆచరణలో దీనికి రెండు అర్థాలు. ఎంత కాలంగా వాడుతున్నా ఇన్‌హేలర్‌ను ఒక్కసారిగా ఆపకూడదు. పళ్లు శుభ్రం చేయించడానికో, గడ్డ తీయించడానికో మత్తు ఇవ్వవలసి వస్తే కుక్క ఇన్‌హేలర్ స్టెరాయిడ్ మీద ఉందని ముందే చెప్పాలి. ఇన్‌హేలర్ మందే కదా అని చాలామంది దీన్ని మందుల జాబితాలో చేర్చరు. తప్పక చేర్చండి. ఇన్‌హేలర్ మీద ఉన్న కుక్కల గురించి ప్రచురితమైన అనుభవం ఎక్కువగా చిన్న చిన్న కేసుల సమూహాల నుంచే వచ్చింది. 2006లో 13 కుక్కల మీద వచ్చిన నివేదిక అలాంటిదే. పెద్ద ఎత్తున జరిగిన అధ్యయనాలు లేవు. ఏళ్ల తరబడి మాత్ర ఏం చేస్తుందో మాత్రం మనందరం కళ్లతో చూస్తున్నాం. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే నేను ఇన్‌హేలర్ వైపు ఉన్నాను.

ఏది కొనాలి? కుక్కల కోసమే తయారైన ఫ్లూటికాసోన్ అంటూ మీకు దొరకదు. మనుషుల ఫ్లోహేల్ లాంటి ఇన్‌హేలర్‌నే డాక్టరు రాస్తారు. మీరు కొనవలసింది నొక్కితే తుంపర చిమ్మే డబ్బా రకం. గుళికను చిల్లుపరచి పొడి పీల్చే రోటాహేలర్ రకం కుక్కలకు పనికిరాదు, ఆ పొడి లోపలికి వెళ్లాలంటే బలంగా పీల్చాలి. మందుల దుకాణంలో పేరు, బలం రెండూ చదివి తీసుకోండి. ఫ్లూటికాసోన్ ఒక్కటే ఉన్న డబ్బా లేదని శ్వాసనాళాలను వదులుచేసే సాల్మెటెరాల్ కలిపినదాన్ని ఇవ్వబోతే డాక్టరును అడగకుండా తీసుకోవద్దు. ఫ్లూటికాసోన్ దొరకకపోతే బ్యుడెసొనైడ్ అనే మరో పీల్చే స్టెరాయిడ్ మంచి ప్రత్యామ్నాయమే. దాన్ని నెబ్యులైజర్‌తో (మందును ఆవిరిలాంటి తుంపరగా మార్చే యంత్రంతో) ఇవ్వాలనుకుంటే కంప్రెసర్ ఉన్న యంత్రమే వాడండి, అల్ట్రాసోనిక్ రకం ఆ మందుకు పనికిరాదు.

బిగుసుకున్న శ్వాసనాళాలను వదులుచేసే, ఆస్తాలిన్ పేరుతో దొరికే సాల్బుటమాల్ గురించి ఒక మాట. పిల్లుల ఉబ్బసంలో శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి కాబట్టి వాటికి అది ప్రాణం పోస్తుంది. కుక్కల బ్రాంకైటిస్‌లో ఆ బిగుతు అంతగా ఉండదు, అందువల్ల దగ్గు వచ్చినప్పుడల్లా అది కొట్టడం వల్ల ఒరిగేది తక్కువ. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉండి ఆ డబ్బా అందుబాటులో ఉంటే దాన్ని పై అరలో పెట్టండి. కుక్కలు ఆ డబ్బాలను కొరుకుతాయి. లోపల పీడనంతో ఉన్న మందంతా ఒక్కసారిగా నోట్లోకి చిమ్ముతుంది. గుండె విపరీతంగా కొట్టుకోవడం, వణుకు, రక్తంలో పొటాషియం పడిపోయి నీరసించడం గంటల్లోనే వస్తాయి. కుక్క చూడటానికి బాగానే ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లవలసిన సందర్భం అది.

స్పేసర్ లేకుండా ఇన్‌హేలర్ వాడనే కూడదు. కుక్కల కోసమే తయారైన ఏరోడాగ్ మంచి పరికరం. ఊపిరి తీసినప్పుడల్లా కదిలే చిన్న రెక్క అందులో ఉంటుంది, అది చూసి ఊపిర్లు లెక్కపెట్టవచ్చు. దిగుమతి సరుకు కాబట్టి ధర ఎక్కువ, ఎప్పుడూ దొరకదు. జీరోస్టాట్ లాంటి మనుషుల స్పేసర్‌కు మాస్కు తగిలించి కూడా పని జరుగుతుంది. చిక్కంతా మాస్కు దగ్గరే వస్తుంది. పసిపిల్లల మాస్కు గుండ్రటి ముఖానికి చేసినది, స్పిట్జ్ మూతి కోసుగా ఉంటుంది. అంచుల నుంచి గాలి పోతే మందూ పోతుంది. మత్తు ఇచ్చేటప్పుడు జంతువులకు వాడే, మెత్తని రబ్బరు అంచున్న గుండ్రటి మాస్కు మీ డాక్టరు దగ్గర ఉంటుంది. ఆ కొలతది అడిగి చూడండి. ముక్కు, నోరు రెండూ లోపలికి వెళ్లాలి, మూతి చుట్టూ అంచు ఆనాలి, కళ్లకు తగలకూడదు. మరీ పెద్ద మాస్కు అయితే కుక్క తాను వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది.

సోఫా కింద దూరుతున్న చింటూ విషయానికి వద్దాం. ఇన్‌హేలర్ వైద్యం నిలబడేదీ కూలేదీ ఇక్కడే, కాబట్టి కొంచెం విడమరచి చెబుతాను. ఇప్పటికే భయపడ్డాడు గనుక ప్రస్తుతం మాస్కును పూర్తిగా కళ్ల ముందు నుంచి తీసేయండి. కొన్ని రోజులు గడిచాక, స్పేసర్ లేకుండా ఒట్టి మాస్కును నేల మీద ఉంచి దాని పక్కన ఉడికించిన చికెన్ పీచు వేయండి. దగ్గరికి రమ్మని పిలవవద్దు. తనంతట తాను వచ్చి తినాలి. తర్వాత ఆ ముక్కను మాస్కు లోపల వేయండి. మూతి తనే లోపలికి పెడతాడు, తిని తనే బయటికి తీస్తాడు. మూతి పెట్టడం, తీయడం రెండూ తన ఇష్టమేనని అతనికి అర్థమైన రోజున సగం పని అయిపోయినట్టే. ఆ తర్వాత మూతి లోపల ఉండగా మీరు మాస్కును చేత్తో పట్టుకుని మనసులో రెండు లెక్కపెట్టి వదలండి. రెండు అయిదు కావాలి, అయిదు పది కావాలి. విదిలించుకునే లోపే మీరు వదిలేయాలి. విదిలించుకున్నాక వదిలితే, విదిలిస్తే పోతుందని నేర్చుకుంటాడు. పది దాకా నిలకడగా ఉంటున్నాడనుకున్నాకే స్పేసర్ తగిలించండి, అదీ మందు లేకుండా.

శబ్దం వేరే సమస్య. డబ్బా నొక్కగానే వచ్చే బుస్సుమనే చప్పుడు పాము బుసలా కుక్కలను బెదరగొడుతుంది. మొదట నోటితో మీరే ఆ చప్పుడు చేసి వెంటనే తినడానికి పెట్టండి. తర్వాత మందు మొదలుపెట్టిన రోజుల్లో డబ్బాను ముందుగా స్పేసర్‌లోకి నొక్కి, క్షణం ఆలస్యం లేకుండా మాస్కు పెట్టండి. ఆలస్యమైతే మందు గోడలకు అంటుకుంటుంది. చప్పుడుకు అలవాటు పడ్డాక మాస్కు పెట్టి అప్పుడు నొక్కవచ్చు, అదే మేలైన పద్ధతి. కుక్కకు ఎదురుగా నిలబడి ముఖం మీదికి పరికరం తేవద్దు. నేల మీద కూర్చుని, చింటూ వీపు మీ పొట్టకు ఆనేలా కాళ్ల మధ్య కూర్చోబెట్టుకోండి. చెయ్యి పక్క నుంచి రావాలి. ఈ మొత్తం శిక్షణకు రెండు మూడు వారాలు పట్టినా ఫరవాలేదు. ఆ రోజులన్నీ మాత్ర నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఏమీ మునిగిపోదు.

మందు ఇచ్చే రోజు డబ్బాను బాగా ఊపండి. వారానికి పైగా వాడకుండా ఉంటే ఒకటి రెండు పఫ్‌లు (పఫ్ అంటే డబ్బాను ఒకసారి నొక్కడం) గాల్లోకి కొట్టండి. ఒక పఫ్‌కు ఏడు నుంచి పది ఊపిర్లు. స్పేసర్ రెక్క కదలడమో, కుక్క ఛాతీ కదలడమో చూసి లెక్కపెట్టండి. రెండు పఫ్‌లు రాసి ఉంటే రెండూ కలిపి కొట్టవద్దు. మొదటిది అయ్యాక అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి రెండోది ఇవ్వండి. నాలుక బయటపెట్టి వగరుస్తున్నప్పుడు ఇస్తే సరిగా చేరదు. కాబట్టి షికారు నుంచి రాగానే వద్దు, ఎండలో వద్దు. ఉదయం, రాత్రి భోజనం గిన్నె చేతిలో పెట్టుకుని, అన్నం పెట్టే ముందు ఇవ్వడం నేను చూసినంతలో ఉత్తమం. అన్నమే బహుమానం అవుతుంది, తినడంతో నోట్లో మిగిలిన మందూ కడుక్కుపోతుంది. మూతి చుట్టూ తడి గుడ్డతో తుడవండి. స్టెరాయిడ్ రోజూ పడినచోట చర్మం పలచబడి వెంట్రుకలు రాలవచ్చు.

స్పేసర్‌ను వారానికి ఒకసారి గిన్నెలు తోమే ద్రవం కలిపిన గోరువెచ్చని నీటిలో ముంచి తీసి, గాలికి ఆరనివ్వండి. లోపల గుడ్డతో తుడవకండి. తుడిస్తే ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి మందు గోడలకు అతుక్కుపోతుంది. డబ్బాలో ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి నీళ్లలో వేసి తేలుతుందా అని చూసే పద్ధతిని నమ్మవద్దు. కౌంటర్ ఉంటే అది చూడండి. లేకపోతే మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద రాయండి. 120 పఫ్‌ల డబ్బా రోజుకు రెండు చొప్పున 60 రోజులు, నాలుగు చొప్పున 30 రోజులు వస్తుంది. ఆ తర్వాత చప్పుడు వస్తూనే ఉంటుంది, మందు మాత్రం సరిగా రాదు. బాగున్న కుక్కకు దగ్గు ఉన్నట్టుండి తిరిగి వచ్చిందంటే నేను మొదట అడిగేది డబ్బా తేదీనే.

ఇప్పుడు మాత్ర తగ్గించడం. ఇన్‌హేలర్ ప్రభావం పూర్తిగా కనిపించడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మాస్కు నిలకడగా పెట్టించుకోవడం మొదలయ్యాక కూడా, కనీసం 10 నుంచి 14 రోజులు పాత డోసు మాత్ర అలాగే నడవాలి. ఆపైన డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారం, ఒక్కో మెట్టు దగ్గర వారం పది రోజులు ఆగి చూస్తూ దిగాలి. నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ తీసుకున్న కుక్క శరీరం తన సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ తయారీని తగ్గించుకుని ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే వాంతులు, తిండి మానేయడం, నీరసం, ఒక్కోసారి కూలబడిపోవడం దాకా వెళుతుంది. తగ్గించే వారాల్లో ఇలాంటిది కనిపిస్తే దగ్గు గురించి ఆలోచించకుండా అదే రోజు డాక్టరుకు ఫోను చేయండి. కొన్ని కుక్కలు మాత్ర పూర్తిగా మానేస్తాయి. కొన్నిటికి ఇన్‌హేలర్‌తోపాటు రోజు విడిచి రోజు చిన్న మాత్ర ముక్క మిగిలిపోతుంది. రోజుకు 10 మిల్లీగ్రాముల నుంచి అక్కడికి వచ్చినా నేను దాన్ని గెలుపుగానే లెక్కవేస్తాను. దాహం, రాత్రి మూత్రం ముందు తగ్గుతాయి, పొట్ట, కండలు సర్దుకోవడానికి నెలలు పడుతుంది.

ప్రెడ్నిసొలోన్ నడుస్తున్నంత కాలం కీళ్లనొప్పికని మెలాక్సికామ్ లాంటి మందులు వేయవద్దు. రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడతాయి. మనుషుల దగ్గు సిరప్‌లు అసలే వద్దు. వాటిలో పారాసిటమాల్, సూడోఎఫెడ్రిన్, జైలిటాల్ లాంటివి ఉండవచ్చు, అవి కుక్కలకు విషం. వాపు అదుపులోకి వచ్చాక కూడా దగ్గు నిద్ర చెడగొడుతుంటే దగ్గును అణచే మందు డాక్టరు రాస్తారు. కఫం బాగా ఉన్నప్పుడు ముందే దగ్గు అణచివేస్తే ఆ కఫం లోపలే నిలిచిపోతుంది. జ్వరం, తిండి మానడం, చీము రంగు కఫం కనిపిస్తే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అప్పుడు ఇంట్లోనే స్టెరాయిడ్ పెంచడం ప్రమాదం.

ఇన్‌హేలర్‌తో సమానంగా మేలు చేసేది బరువు తగ్గించడం. రెండున్నర కిలోలు చింటూ లాంటి కుక్కకు చిన్న భారం కాదు. ఛాతీ చుట్టూ, పొట్టలో చేరిన కొవ్వు ఊపిరితిత్తులను విచ్చుకోనివ్వదు. మాత్ర వల్ల ఆకలి ఎక్కువై అడుగుతాడు, ఇంట్లో వాళ్లు జాలిపడి టీ పూట రస్కు ముక్క, అన్నం ముద్ద పెడతారు. ప్రేమతోనే పెడతారు, నాకు తెలుసు. ఆ ముక్క బదులు కీరదోస, ఉడికించిన బీన్సు పెట్టమని చెప్పండి. రోజు తిండిని కొలిచి పెట్టండి, రెండు వారాలకోసారి తూకం రాయండి. బరువు దిగిన కుక్కలో మందు డోసు కూడా దిగడం నేను తరచుగా చూస్తున్నాను.

ఇంట్లో పొగ ఆపండి. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల చుట్ట, గది సువాసన స్ప్రే, సిగరెట్టు, ఏదైనా సరే. అత్తగారి శుక్రవారం సాంబ్రాణి మానమని నేను చెప్పను. చింటూను వేరే గదిలో ఉంచి, కిటికీలు తెరిచి, వాసన పూర్తిగా పోయాక బయటికి తెస్తే చాలు. మారతహళ్లిలో ఎక్కడో ఒకచోట కట్టడం పని జరుగుతూనే ఉంటుంది. రింగురోడ్డు పక్కన కాకుండా లోపలి వీధిలోనో, పార్కులోనో తిప్పండి. డిసెంబరు, జనవరి చలిలో తెల్లవారుజామున కాకుండా ఎండ వచ్చాక తీసుకెళ్లండి. మెడపట్టీ తీసేసి ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి. దీపావళి వారంలో పొగా, భయమూ రెండూ దగ్గును పెంచుతాయి, ఆ ముందు వారమే డాక్టరుతో మాట్లాడి ఉంచుకోండి.

చింటూ గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్ని ఊపిర్లు తీస్తున్నాడో వారానికి రెండు మూడుసార్లు లెక్కపెట్టి రాయండి. 30 లోపు ఉండాలి. వరుసగా దానికి పైన ఉంటే గుండె గానీ ఊపిరితిత్తులు గానీ ఏదో చెబుతున్నట్టు. 40 దాటినా, చిగుళ్లు నీలంగా మారినా, మెడ చాచి ఊపిరి కోసం తంటాలు పడుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, రాత్రయినా సరే. దగ్గును ఫోనులో వీడియో తీయండి. క్లినిక్‌లో బల్ల మీద నిలబెడితే ఏ కుక్కా దగ్గదు. నిలకడ వచ్చాక మూడు నుంచి ఆరు నెలలకోసారి పరీక్ష చేయించి, మందు ఇంకా కొంచెం తగ్గించగలమా అని ప్రతిసారీ అడగండి. నెల రోజులు సరిగా ఇచ్చినా మార్పు లేకపోతే డాక్టరు ముందు మీరు మాస్కు ఎలా పెడుతున్నారో చేసి చూపించండి. అందులో తప్పు లేదని తేలాకే డోసు పెంచడమో, నిర్ధారణను మళ్లీ చూడడమో.

సంక్రాంతికి అనంతపురం వెళ్లినప్పుడు చింటూను బోర్డింగ్‌లో వదలడం గురించి అడిగారు. వీలైతే వెంట తీసుకెళ్లండి. పది కుక్కలున్న చోట కెన్నెల్ కాఫ్ (కుక్కల మధ్య అంటుకునే దగ్గు జబ్బు) అంటుకుంటే ఇతనికి మామూలు కుక్కకంటే చాలా కష్టమవుతుంది. తప్పనిసరైతే ఆ టీకా ముందే వేయించండి, మాస్కు పెట్టడం వచ్చిన మనిషికే అప్పగించండి. దారిలో ఇన్‌హేలర్‌ను ఆపి ఉన్న కారులో, డ్యాష్‌బోర్డు మీద వదిలేయవద్దు. పీడనంతో ఉన్న డబ్బా అది, ఎండకు పేలవచ్చు. చేతి సంచిలో పెట్టుకోండి, ఒక డబ్బా అదనంగా ఉంచుకోండి, ప్రెడ్నిసొలోన్ మాత్రలు కూడా కొన్ని వెంట ఉండాలి. దగ్గు ఎక్కువైతే ఎన్ని రోజులు, ఎంత వేయాలో బయల్దేరే ముందే మీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి.